బడి బయట ఉన్నవారు

బడి పక్కన కాపురం మంచిదా, చెడ్డదా అన్న విషయంలో గున్నేశ్వరరావు గారింట్లో మొదటినుంచీ పని పంచుకుని ఉండేవారు. చెడ్డ చెప్పడం ఆయన వంతు. మంచి చెప్పడం ఆయన భార్య మాణిక్యాంబ వంతు.

మేడమీద వాటా అద్దెకి అడగడానికి ఎవరు వచ్చినా ఇదే వరస. గున్నేశ్వరరావు గారు తమ్మరాజుపేట బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో దాచకుండా చెప్పడం ఆయనకి అలవాటు. అంచేత వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, "ముందే చెబుతున్నానండి, ఈ గోడ అవతల ప్రాథమిక పాఠశాల. పొద్దున్నే ప్రార్థన, గంట, పాఠాలు, గంట, కేకలు, మళ్ళీ గంట. బంతి వచ్చి పడుతుంది. బంతి కోసం పిల్లాడు వచ్చి పడతాడు. పెరట్లో జామచెట్టుంది గానీ జామకాయ రుచి మాకు తెలీదు. పంద్రాగస్టుకి మన కుర్చీలు అటు వెళతాయి, కాళ్ళు విరిగి ఇటు వస్తాయి. మధ్యాహ్నం నిద్ర మాట మరిచిపోండి" అనేవారు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట మాణిక్యాంబ మంచినీళ్ళ గ్లాసులతో వచ్చేది.

"గడియారం అక్కర్లేదమ్మా. మొదటి గంటకి జడేసి, రెండో గంటకి రిబ్బను కట్టి పంపెయ్యొచ్చు. వడియాలు పెట్టుకుంటే ఆ గోలకి కాకి వాలదు. పట్టపగలు ఈ వీధిలోకి దొంగ రాడు. ఇంట్లో మాటాడే మనిషి లేకపోయినా చెవిలో మాటలు పడుతుంటాయి" అనేది.

మంచీ చెడ్డా సరికి సరి అయిపోయేవి. వచ్చినవాళ్ళు ఇంక బడి సంగతి వదిలేసి, కుళాయి ఎప్పుడొస్తుందని అడిగేవారు.

కిందటి శ్రావణంలో మాణిక్యాంబ పోయింది. తరవాత కొన్నాళ్ళకి మేడమీద వాటా ఖాళీ అయింది. ఖాళీగానే ఉండిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి గున్నేశ్వరరావు గారు చెడ్డంతా చెప్పి, అలవాటు ప్రకారం ఊపిరి తీసుకోవడానికి ఆగేవారు. లోపల్నించి ఎవరూ వచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు కాసేపు గోడలు చూసి, "మళ్ళీ వస్తామండి" అని లేచిపోయేవారు.

ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రాత్రిళ్ళు ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. పట్టేది మధ్యాహ్నం పూటే. భోజనాలయ్యాక గోడ అవతల హైమావతి టీచర్ పిల్లల చేత ఎక్కాలు చదివించేది. "రెండొకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు" అని వాళ్ళు రాగం అందుకుంటే, నాలుగో ఎక్కానికి ఆయన కళ్ళు బరువెక్కేవి. ఏడో ఎక్కం ఆయన ఎన్నడూ విన్న పాపాన పోలేదు. ఆదివారాలు ఆ నిద్ర కూడా ఉండేది కాదు. దసరా సెలవుల్లో మనిషి సగమైపోయారు. ఎండ దెబ్బ అని చెప్పుకున్నారు. ఆ రోజుల్లో ఎండ లేదు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున హైమావతి టీచర్ గోడ మీంచి పిలిచింది. ఆ బడికి హెడ్మిస్ట్రెస్సూ, టీచరూ, గంట కొట్టే మనిషీ అన్నీ ఆవిడే.

"బాబాయిగారూ, మీ కష్టాలు గట్టెక్కాయి. మా బడి ఎత్తేస్తున్నారు."

"ఎత్తేసి?"

"కాలువ అవతల బడిలో కలిపేస్తారట. ఇక్కడ పిల్లలు చాల్లేదు కదండీ. వచ్చే నెలాఖరులోగా సంఖ్య పెరిగితే సరి, లేకపోతే గంటతో సహా అటు తీసుకుపోతారు."

"గంట కూడానా?"

"రైలు పట్టా ముక్కే అయినా ప్రభుత్వ ఆస్తి కదండీ."

"మంచిదే కదమ్మా" అన్నారు గున్నేశ్వరరావు గారు. ఇన్నేళ్ళుగా చెడ్డ చెప్పిన నోటికి వేరే మాట వెంటనే దొరకలేదు. ఆ పూట అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నారు.

సరిగ్గా ఆ వారంలోనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

అది ఏటా వచ్చే ఉత్తర్వే. చదువుకునే వయసుండీ ఏ బడికీ వెళ్ళని పిల్లల్ని విద్యాశాఖ వారు 'బడి బయట ఉన్న పిల్లలు' అంటారు. 'బడి బయట ఉన్న పిల్లలను గుర్తించి, తక్షణమే బడిలో చేర్పించవలెను' అన్నది ఆ ఉత్తర్వు. ఏటా వస్తుంది, ఏటా ఫైల్లోకి వెళుతుంది. ఈసారి ఎక్కడో, ఎవరి చేతి కిందో, టైపు చేసేటప్పుడు పిల్లలు జారిపోయారు. 'బడి బయట ఉన్న వారిని గుర్తించి, తక్షణమే బడిలో చేర్పించవలెను' అని మిగిలింది.

వేరే అధికారి అయితే మనసులో పిల్లల్ని కలుపుకుని చదువుకునేవాడు. తమ్మరాజుపేట మండల విద్యాశాఖాధికారి భుజంగరావు గారు అలాంటి మనిషి కాదు. ఉత్తర్వులో లేని మాటని కలపడమూ, ఉన్న మాటని తీసెయ్యడమూ ఆయన దృష్టిలో ఒకటే నేరం. ఒకసారి 'చెట్టు నాటవలెను' అని వస్తే నాటించి, నీళ్ళు పొయ్యమని లేదు కాబట్టి పొయ్యకుండా, అది ఎండిపోయేదాకా చూసి, ఎండినట్టు నివేదిక పంపిన నిష్ఠాపరుడు.

ఆయన కొలిచే టేపు పట్టుకున్న అటెండరుతో సహా బడి వీధిలో దిగాడు. బడి గేటు పక్కన తవిటమ్మ ఇడ్లీల బండి ఉంటుంది. ముందు అక్కడ ఆగాడు.

"నువ్వెక్కడ ఉంటున్నావమ్మా?"

"ఇడ్లీల కాడండి."

"ఇడ్లీలు ఎక్కడున్నాయి?"

"కనపడతా లేదా బాబూ. బడి బయట."

భుజంగరావు గారి ముఖం విప్పారింది. "చూశారా, స్వయంగా అంగీకరించింది. రాసుకోండి" అన్నాడు అటెండరుతో.

ఎదురింటి అరుగు మీంచి ప్లీడరు చయనులు గారు ఈ తతంగమంతా చూస్తున్నారు. ఈయన ఆ బడి గోల మీద పెట్టిన ఫిర్యాదు భుజంగరావు గారి ఆఫీసులో ఏళ్ళ తరబడి పెండింగులో ఉంది. కండువా సర్దుకుని దిగి వచ్చారు.

"ఏమండీ, ఈ లెక్కన లోకమంతా బడి బయటే ఉందండి. కాశీ బడి బయటే, రామేశ్వరం బడి బయటే. అందరినీ చేర్చుకుంటారా?"

"మీరు చట్టం చదివినవారు. భాష కూడా చదవాలి" అన్నాడు భుజంగరావు గారు తొణక్కుండా. "కాశీలో ఉన్నవాడు కాశీలో ఉన్నట్టు. ఊరి చివర ఉన్నవాడు ఊరి చివర ఉన్నట్టు. ఎవరైనా కాశీ నుంచి ఫోను చేసి, 'నేను బడి బయట ఉన్నాను, వచ్చెయ్' అంటాడా? గేటు దగ్గర నిలబడినవాడే అంటాడు. దూరంగా ఉన్నవారు బడికి దూరం. దగ్గరగా ఉన్నవారే బడి బయట. ఇందులో సందిగ్ధతకు తావు లేదు."

చయనులు గారు కండువా భుజం మార్చుకున్నారు. "ఈ పాయింటు నాకు తట్టలేదండోయ్" అన్నారు. వాదన నచ్చితే ఎదటి పక్షానిదైనా ఒప్పుకునే గుణం ఆయనది. అందుకే ప్రాక్టీసు అంతంత మాత్రం. అక్కడే చేరిక కాగితం మీద సంతకం పెట్టేశారు.

తరవాత గున్నేశ్వరరావు గారి గుమ్మం. వెనకే హైమావతి టీచర్ పరుగులాంటి నడకతో వచ్చింది. ఆవిడ ముఖంలో నవ్వూ, భయమూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. సంఖ్య పెరుగుతోంది. ఎలా పెరుగుతోందన్నది ఆవిడ చూడదలుచుకోలేదు.

గున్నేశ్వరరావు గారికి సంగతి క్షణంలో బోధపడింది. బస్సు కదలబోయేముందు సీటు మీద తుండు వేసే వేగంతో, "రాసుకోండి సార్. నేను పూర్తిగా బడి బయటే ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇంత బయట ఎప్పుడూ లేను" అన్నారు.

"సంతోషం. రేషను కార్డు ప్రకారం ఈ ఇంట్లో మరొకరు ఉన్నారు. మాణిక్యాంబ."

గున్నేశ్వరరావు గారు గుమ్మం మీది చెయ్యి తియ్యలేదు. "ఆవిడ ఇంట్లో లేరండి" అన్నారు.

"ఇంట్లో లేకపోతే బయటే ఉన్నట్టు. రాసుకోండి" అన్నాడు భుజంగరావు గారు.

హైమావతి టీచర్ ఏదో చెప్పబోయింది. గున్నేశ్వరరావు గారు ఆవిడ వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. "ఉండనివ్వమ్మా. ఒక పేరు ఎక్కువుంటే బడికి మంచిదే" అన్నారు.

మర్నాడు బడి బయట ఉన్నవారంతా బడి లోపలికి వచ్చారు.

ఏ తరగతిలో కూర్చోబెట్టాలన్న ప్రశ్నకి భుజంగరావు గారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. వయసుకు తగిన తరగతిలో చేర్చాలని పాత ఉత్తర్వు ఉంది. ఆ బడిలో ఉన్న పెద్ద తరగతి అయిదు. కనక పెద్దవాళ్ళందరూ అయిదు.

"పేసైపోతేనండి?" అంది తవిటమ్మ.

"పాసవడం గురించి సదరు ఉత్తర్వులో ప్రస్తావన లేదు."

మొదటి వారం కాస్త ఇబ్బందిగానే గడిచింది. బల్లలు పిల్లలవి. చయనులు గారు కూర్చున్నాక ఆయన్ని బల్లలోంచి తీయడానికి ఇద్దరు కావలసి వచ్చేది. యూనిఫారం గుడ్డ వచ్చింది గానీ కొలత మాత్రం అయిదో తరగతి కొలతే. ప్లీడరు గారు నీలం నిక్కరు మీద నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళితే, మేజిస్ట్రేటు గారు కాసేపు చూసి వాయిదా వేశారు. కేసేమిటని అడగలేదు.

రెండో వారానికి సర్దుకున్నారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజున చయనులు గారు ఎప్పటికన్నా ముందు వచ్చి వరసలో నిలబడేవారు. మీరు శాకాహారులు కదా అని ఎవరో అంటే, తన వాటా గుడ్డు తనకి ఇవ్వాల్సిందేనని, తినడమా మానడమా అన్నది తరవాతి విషయమని, హక్కు వేరూ ఆకలి వేరూ అని వాదించి, దాన్ని ప్రతిసారీ తవిటమ్మకి ఇచ్చేవారు. పిల్లల బంతుల్ని ఇన్నేళ్ళుగా అటక మీద దాచిన మనిషి, ఒక మధ్యాహ్నం ఆట పిరియడ్లో కొట్టిన బంతి తిన్నగా వెళ్ళి ఆయన పెరట్లోనే పడింది. గోడెక్కి దూకి తెచ్చుకున్నారు. దూకేటప్పుడు తన మునగచెట్టు కొమ్మ తానే విరిచారు.

ఆ వారంలోనే ఆయన పాత ఫిర్యాదు పరిష్కారమైనట్టు కాగితం వచ్చింది. 'ఫిర్యాదుదారు ప్రస్తుతం సదరు పాఠశాల విద్యార్థి అయినందునను, గోల చేయువారిలో తామును ఒకరైనందునను, ఫిర్యాదు మూసివేయడమైనది' అని ఉంది. చయనులు గారు అది తరగతిలో పైకి చదివారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టారు.

గున్నేశ్వరరావు గారు వెనక బల్ల మీద కూర్చునేవారు. హాజరు పిలిచేటప్పుడు తన పేరు వస్తే, "ప్రెజెంట్ మేడమ్" అని బస్టాండు గొంతుతో పలికేవారు. ఆ తరవాతి పేరు మాణిక్యాంబది. హైమావతి టీచర్ ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేది.

"రాలేదండి" అనేవారు ఆయన.

అంతే. ఆవిడ ముందుకి వెళ్ళేది. ఆ ఊళ్ళో ఆ పేరు రోజూ ఒకసారి పైకి వినబడే చోటు అదొక్కటే. ఆయన ఒక్కరోజు కూడా బడి మానలేదు.

మధ్యాహ్నం ఎక్కాలు మొదలైతే నాలుగో ఎక్కానికి ఆయన బల్ల మీద తల వాల్చేవారు. టీచర్ చూసీ చూడనట్టు ఊరుకునేది. పక్కనున్న రెండో తరగతి పిల్ల ఒకతి, "తాతగారు పడుకున్నారు మేడమ్" అని చాడీ చెబితే, "ఆయనకి ఎక్కాలు వచ్చేశాయమ్మా, నువ్వు చదువు" అనేది.

వ్యవహారం ఇంతటితో ఆగి ఉంటే ఆ వీధితో పోయేది. కానీ భుజంగరావు గారు తనిఖీకి వచ్చాడు.

గదులు రెండే కాబట్టి, విద్యార్థులు ఎక్కువై, అప్పటికే అయిదో తరగతిని గున్నేశ్వరరావు గారి వసారాలోకి మార్చారు. చయనులు గారి అరుగు అయిదో తరగతి 'బి' అయింది. భుజంగరావు గారు గోడకి ఇటూ అటూ నడిచి, ఏదో స్ఫురించినట్టు నిలబడిపోయాడు.

"విద్యార్థులు ఎక్కడ కూర్చుని చదువుతారో అది తరగతి గది. తరగతి గదులున్నది బడి. అంటే ఈ వీధి మొత్తం ఇప్పుడు బడి లోపల ఉన్నట్టు. అవునా?"

"అవునండి" అంది హైమావతి టీచర్.

"మరి అయితే వెనక వీధి?"

వెనక వీధివాళ్ళు మేడల మీద బట్టలు ఆరేసుకుంటూ, అమాయకంగా, బడి బయట ఉన్నారు.

అక్కణ్ణించి వీధి తరవాత వీధి. వెనక వీధి చేరిందో లేదో దాని వెనక వీధి బడి బయట పడింది. అది చేరితే బజారు బయట పడింది. బడి వరదనీరులా మెట్టు మెట్టుగా ఊళ్ళోకి ఎక్కింది. బ్యాంకులో వరస ఎప్పట్లాగే ఉండేది గానీ జనాన్ని ఎత్తు ప్రకారం నిలబెట్టారు, పొట్టివాళ్ళు ముందు. ఎస్సై గారు చిటికెనవేలు చూపించి అనుమతి తీసుకుని దొంగల్ని పట్టుకోవడానికి వెళ్ళేవాడు. ఆలస్యమైతే గుంజీళ్ళు. మునిసిపల్ చైర్మన్ క్లాసు లీడరయ్యాడు. మాట్లాడిన కౌన్సిలర్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు. ఆ ఒక్క పద్ధతి వల్ల కౌన్సిలు సమావేశంలో డ్రైనేజీ తీర్మానం మొట్టమొదటిసారి నిశ్శబ్దంగా పాసయింది, కాలవ నిజంగానే తవ్వారు కూడా. అప్పణ్ణించి ఊళ్ళో బడి అంటే గౌరవం ఏర్పడింది.

తవిటమ్మ వ్యాపారం మొదట్లో దెబ్బతింది. తినేవాళ్ళంతా బడిలోనే తింటున్నారు. తరవాత బడి ఎటు పెరిగితే అటు బండి నెట్టుకుంటూ పోయింది.

"ఏటే తవిటమ్మా, రోజుకో చోట ఉంటున్నావు?" అని అడిగితే, "నేను ఉన్న చోటే ఉన్నాను బాబూ, బడి బయట. బడే కుదురుగా ఉండటం లేదు" అనేది.

గున్నేశ్వరరావు గారికి ఒక చిత్రమైన సంగతి తట్టింది. బడి పక్కన ఇల్లు అనే మాటే ఊళ్ళో చెల్లకుండా పోయింది. పక్క అంటూ లేకపోయాక మంచీ లేదు, చెడ్డా లేదు. మేడమీద వాటా అడగడానికి వచ్చిన ఒకాయన, "ఇక్కడ గోల ఎక్కువాండీ?" అంటే, "ఎక్కడికంటేనండి?" అన్నారు ఆయన.

నెలాఖరు ఇంకా రెండు వారాలుందనగా బడి కాలువ వంతెన దాటింది. దాటగానే బడి బయట మొట్టమొదట తగిలింది కాలువ అవతల బడి.

ఆ బడి హెడ్మాస్టారు గేటు దగ్గర చేతులు అడ్డంగా చాపి నిలబడ్డాడు. "సార్, మాది బడేనండి. మేము బడి లోపలే ఉన్నామండి."

"మీరు మీ బడి లోపల ఉండవచ్చు. ఈ బడి బయట ఉన్నారు" అన్నాడు భుజంగరావు గారు. "ఒకే మనిషి ఒక బడి లోపల, ఇంకో బడి బయట ఏకకాలంలో ఉండడం పరిపాలనాపరంగా అనుచితం. పైగా మీ మూడో తరగతి పైకప్పు మీంచి ఆకాశం కనబడుతోంది. ఆ లెక్కన మూడో తరగతి మొదటినుంచీ బయటే ఉన్నట్టు."

హెడ్మాస్టారు తలెత్తి చూశాడు. కనబడుతున్న మాట నిజమే. పెంకుల కోసం ఆయన అర్జీలు పెట్టి పెట్టి అలిసిపోయి ఉన్నాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, వంతెన దాటించి తీసుకువచ్చి, తనూ హైమావతి టీచర్ పక్క గదిలో పాఠం మొదలెట్టాడు. ఖాళీ అయిన ఆ కట్టడానికి గోడలు తిన్నగా బాగుచేసి, రేకులు వేసి, పౌరసరఫరాల వారు బియ్యం బస్తాలు నింపుకున్నారు. పిల్లలకి దొరకని పైకప్పు బస్తాలకి వారంలో దొరికింది.

ఊళ్ళో ఇంక బయట మిగిలింది ఒకే ఒక కట్టడం. అది మండల విద్యాశాఖాధికారి కార్యాలయం.

భుజంగరావు గారు తన ఆఫీసు మెట్ల మీద నిలబడి చాలాసేపు ఆలోచించాడట. వేరే అధికారి అయితే తనకి తాను మినహాయింపు రాసుకునేవాడు. ఆయన మర్నాడు ప్రార్థనకి ముందే నీలం నిక్కరులో వచ్చి, గున్నేశ్వరరావు గారి పక్కన వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఎనభై దాటిన తల్లిని కూడా వెంట తెచ్చాడు. ఆవిడకి మొదటి బల్ల ఇచ్చారు.

దాంతో ఒక చిక్కు వచ్చింది. తనిఖీ చేసే మనిషి లేడు. తనిఖీకి వెళ్ళడానికి భుజంగరావు గారు సెలవు చీటీ రాసుకుని వెళితే హైమావతి టీచర్ తిప్పి ఇచ్చింది. "తల్లిదండ్రుల సంతకం లేదండి. మీరు పెట్టిన రూలే."

ఆయన మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి తల్లి ముందు చీటీ పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చదివింది.

"పెట్టను. చిన్నప్పుడూ ఇలాగే కడుపు నొప్పి అని చెప్పి చెరువులో దిగేవాడివి. కూర్చో."

మండల విద్యాశాఖాధికారి వచ్చి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఎక్కాల్లో ఏడో ఎక్కం దగ్గర ఆయనే తడబడ్డాడు. ఏడేళ్ళు నలభై ఎనిమిది అన్నాడు. పక్కన ఎవరైనా మేలుకుని ఉంటే అందించేవారు. గున్నేశ్వరరావు గారు నిద్రలో ఉన్నారు.

తమ్మరాజుపేటలో బడి బయట ఉన్నవారు నూటికి ఒక్కరైనా లేరని కబురు జిల్లాకి, జిల్లా నుంచి పైకి వెళ్ళింది. పైవాళ్ళు శాలువా కప్పడానికి బయలుదేరబోతూ ఉత్తర్వు మరొకసారి తిరగేశారు. శాలువా ఆగిపోయింది. దాని బదులు సవరణ వచ్చింది.

'పూర్వ ఉత్తర్వులో బడి బయట ఉన్న అను పదముల తరవాత పిల్లలు అను పదము పొరపాటున జారినది. దానిని యథాస్థానమున ఉంచి చదువుకొనవలెను. ఇందుమూలముగా చేరిన పెద్దలను తక్షణమే తొలగించవలెను.'

భుజంగరావు గారు నిక్కరు మార్చుకుని వచ్చి, అది ప్రార్థనలో నిలబడి చదివాడు. చేర్చేటప్పుడు ఎంత శ్రద్ధగా చేర్చాడో తీసేటప్పుడూ అంత శ్రద్ధగా తీశాడు. చైర్మన్ సుద్దముక్క తిరిగి ఇచ్చేశాడు. ఎస్సై గారు చిటికెనవేలు ముడుచుకున్నాడు. చయనులు గారు అటక మీది బంతులన్నీ సంచిలో తెచ్చి పిల్లలకిచ్చారు. "పెద్దవాళ్ళని తీసేస్తే మళ్ళీ మొదటికి వచ్చినట్టేనా?" అని గున్నేశ్వరరావు గారు హైమావతి టీచర్ని గోడ దగ్గర మెల్లిగా అడిగారు. ఆ రోజుతో నెలాఖరు.

టీచర్ కూడా గుండె చిక్కబట్టుకునే ఉంది. భుజంగరావు గారు వరండాలో నిలబడి మిగిలిన తలల్ని లెక్కపెట్టాడు. లెక్క తప్పాననుకుని మళ్ళీ పెట్టాడు. పెద్దల్ని తీసేసినా బడి నిండుగానే ఉంది. కాలువ అవతల పిల్లలు ఇక్కడ ఉన్నారు. వాళ్ళు పిల్లలే కాబట్టి సవరణ వాళ్ళని తాకలేదు. వాళ్ళ పాత బడిలో బియ్యం బస్తాలున్నాయి, వాటిని ఖాళీ చేయించే ఉత్తర్వు ఇంకా ఎవరూ రాయలేదు.

"తక్కువ పిల్లలున్న బడిని ఎక్కువ పిల్లలున్న బడిలో కలపాలి" అన్నాడు భుజంగరావు గారు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "కలిసిపోయే ఉన్నాయి. ఎటు కలవాలన్నది ఉత్తర్వులో లేదు."

కాలువ అవతల హెడ్మాస్టారు ఏమంటాడోనని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన తలెత్తి తన తరగతి పైకప్పు చూసుకున్నాడు. ఆకాశం కనబడలేదు.

"మాకు బాగానే ఉందండి" అన్నాడు.

మిగిలింది టి.సి.లు ఇవ్వడం. చేరినవాడు పోవాలంటే టి.సి. ఉండాలి. ఊరు ఊరంతా వరసలో నిలబడింది. ప్రవర్తన ఎదురుగా అందరికీ 'సంతృప్తికరం' అని రాస్తూ వచ్చిన హైమావతి టీచర్, ప్లీడరు గారి దగ్గర మాత్రం ఆగి, గుడ్డు సంగతి గుర్తు తెచ్చుకుని, నవ్వుకుని, అలాగే రాసింది.

గున్నేశ్వరరావు గారి వంతు వచ్చింది. ఆయనది తేలిగ్గానే అయిపోయింది. ఆ తరవాతిది కూడా ఆయనే తీసుకోవాలి.

టీచర్ కలం ఆపి, తలెత్తకుండా అడిగింది. "బడి మానడానికి కారణం రాయాలి బాబాయిగారూ. పిన్నిగారికి ఏం రాయమంటారు?"

వెనక వరసలో ఎవరో సణుగుతున్నారు. గున్నేశ్వరరావు గారు బల్ల అంచు పట్టుకుని ఆలోచించారు. ఎంక్వైరీ కిటికీలో ఇన్నేళ్ళు కూర్చుని, వెళ్ళిపోయిన బస్సు గురించి అడిగినవాళ్ళకి ఆయన ఎప్పుడూ ఒకే మాట చెప్పేవారు, 'తరవాతి బస్సు వస్తుంది' అని. ఆ మాట ఇక్కడ నప్పదు.

"ఇల్లు మారారు అని రాయమ్మా" అన్నారు.

ఆవిడ రాసింది. అచ్చుగా, గుండ్రంగా రాసి, ఆరేదాకా ఊది ఇచ్చింది.

తరవాతి వారం మేడమీద వాటా చూడ్డానికి ఒక జంట వచ్చారు. అతను బ్యాంకులో కొత్తగా చేరాడు. ఆమె చంకలో చంటిది, చెయ్యి పట్టుకుని మూడేళ్ళ పిల్ల. గున్నేశ్వరరావు గారు కుర్చీలు వేశారు. ఒకదానికి కాలు కొత్తగా వేయించినట్టు తెలుస్తూనే ఉంది.

"ముందే చెబుతున్నానండి. గోడ అవతల బడి. ఇదివరకు చిన్నదే గానీ ఇప్పుడు కాలువ అవతలది కూడా కలిసింది. గోల రెట్టింపు. బంతి వస్తుంది, బంతి కోసం పిల్లలొస్తారు. జామకాయల మీద ఆశ పెట్టుకోకండి. పంద్రాగస్టుకి కుర్చీలు..."

ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

ఆ జంట మొహాలు చూసుకున్నారు. ఆమె చంటిదాన్ని భుజం మార్చుకుని లేవబోతోంది. గోడ అవతల మధ్యాహ్నం గంట కొట్టారు. గున్నేశ్వరరావు గారు లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశారు. తరవాత తనే లేచి వెళ్ళి, రెండు గ్లాసుల్తో మంచినీళ్ళు పట్టుకొచ్చారు.

"గడియారం అక్కర్లేదమ్మా" అన్నారు, గ్లాసు అందిస్తూ. "మొదటి గంటకి జడేసి, రెండో గంటకి రిబ్బను కట్టి పంపొచ్చు. వడియాలు పెట్టుకుంటే కాకి వాలదు. దొంగల భయం లేదు." కాస్త ఆగి, జ్ఞాపకం చేసుకుని, "ఇంట్లో మాటాడే మనిషి లేకపోయినా చెవిలో మాటలు పడుతుంటాయి" అన్నారు.

ఆమె నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "కుళాయి ఎప్పుడొస్తుందండి?" అంది.

"పొద్దున ప్రార్థన గంటకి" అన్నారు గున్నేశ్వరరావు గారు.

అతను మాత్రం ఇంకా ఒక్క సందేహం దగ్గరే ఉన్నాడు. చంటిదాని వైపు చూపించి, "మధ్యాహ్నం పూట నిద్ర సంగతేంటండి?" అని అడిగాడు.

గోడ అవతల పిల్లలు రెండో ఎక్కం ఎత్తుకున్నారు. రెండు బళ్ళ పిల్లలూ కలవడం వల్ల రాగం ఇదివరకటికన్నా గట్టిగా ఉంది. చంటిది అప్పటికే తల్లి భుజం మీద తల వాల్చింది.

"బాగా పడుతుందండి" అన్నారు గున్నేశ్వరరావు గారు.